వేటపూట తుడుము

ఈపాటికి ఏదో ఒకటి చచ్చి ఉండాలి. కుందేలు, కాకపోతే అడవికోడి, అదీ కాకపోతే ముళ్ళపందో మరొకటో, కాళ్ళూ ప్రాణమూ ఉన్నది ఏదైనా సరే, ఆ ఎదురు కొండ మీద ఏ పొదలోనో మా మల్లేశు మావ బాణానికి అడ్డం వచ్చి పడిపోయి ఉండాలి, మావ దాన్ని కర్రకి వేలాడగట్టుకుని ఈ బాట వెంటే దిగి వస్తూ ఉండాలి. ఊరి మొదట్లో రాతి మీద కూచుని పొద్దుట్నుంచి ఇదే మొక్కుకుంటున్నాను. కుందేలు చావాలని మొక్కే రోజొకటి నాకు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. చిన్నప్పుడు మావే ఒక కుందేలు పిల్లని లుంగీ మడతలో దాచి తెచ్చిచ్చాడు, దానికి ముల్లంగాకు పెట్టి పక్కలో పడుకోబెట్టుకున్నాను, పిల్లి ఎత్తుకుపోతే రెండు పూటలు అంబలి ముట్టలేదు. ఆ నేనే ఇప్పుడు దాని చుట్టం ఎవరైనా బేగి చస్తే బాగుండునని చూస్తున్నాను. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, ఈ పూట ఆ కాకిని నేనే.

వెనక పనసచెట్టు కింద మా వ్యాను తలుపు తెరుచుకుని నిలబడి ఉంది. మా కాలేజీ అమ్మాయిలు దాని మెట్ల మీదా నీడలోనూ కూచుని, గళ్ళచీరలు మోకాళ్ళ మీదికి కట్టుకుని, పక్కకొప్పుల్లో పూలు తురుముకుని, మొహం మీద పౌడరు చెమటకి చారలు కడుతుంటే అద్దుకుంటూ నా వైపే చూస్తున్నారు. ఊరు నాది, మావ నా మావ, కాబట్టి ఆలస్యం కూడా నాదే. డ్రైవర్ వరహాలరావుగారు తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. ఆయనది సాలూరు, కొండెక్కడం అలవాటే గాని కొండ మీద ఆగడం అలవాటు లేదు. "ఏటి మేడమ్, ఇంకా రానేదేటి ఆ మోరి ఊదే ఆయన? దారిలో ఆడోళ్ళు ఇంకోపాలి కర్రలడ్డం ఎట్టినారంటే మనం అరకు సేరేతలికి పోటీ పందిరి పీకేత్తారు" అని గట్టిగా అన్నాడు, మేడమ్‌కి చెప్పినట్టు, నాకు వినబడేట్టు. భానుశ్రీ మేడమ్ ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం కాఫీ తోట గట్టు మీద అటూ ఇటూ తిరుగుతోంది. నాకేసి చూసి నవ్వింది. తిట్టినా బాగుండేది.

తప్పు ఎవరిదని వెతికితే ఎవరిదీ కాదు, అదే నాకు మరీ ఒళ్ళు మంటగా ఉంది. అరకులో థింసా డాన్సు పోటీ మొదట మా ఇటుకల పండగ, అంటే వేటపండగ, అయిపోయాకే అన్నారు, మా దిశారి తాత నక్షత్రం చూసి పండగ రోజులు చెప్పాక నేనే కాలేజీకి వెళ్ళి మేడమ్‌కి చెప్పాను, ఈ రోజుల్లో మాత్రం వద్దు మేడమ్, మగవాళ్ళు వేటకి పోతారు అని. మేడమ్ పైవాళ్ళకి చెప్పింది. పైవాళ్ళు సరేనన్నారు. తీరా ఎవరో పెద్ద ఆఫీసరు బదిలీ మీద వెళ్ళిపోతున్నాడట, ఆయన చేతుల మీదుగా బహుమతులు ఇప్పించాలట, పోటీ ముందుకు జరిపేశామని నిన్న రాత్రి మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్ నా ఫోనుకి సిగ్నల్ అందేసరికి తెల్లారింది. తెల్లారేసరికి మావ విల్లు భుజాన వేసుకుని కొండెక్కేశాడు. మావకి ఫోను చేస్తే మా ఇంట్లోనే మోగింది, చోళ్ళ బుట్ట వెనక, ఛార్జింగ్‌లో. వేటకి ఫోను పట్టుకెళ్ళకూడదని దిశారి తాత కొత్తగా పెట్టిన కట్టు, నిరుడు ఎవరి జేబులోనో సినిమా పాట మోగి కణుజు పారిపోయిందని. ఈ పండగ రోజుల్లో ఆడది వేట అడవిలో కాలు పెట్టకూడదు, అది పాత కట్టు. ఊళ్ళో మిగిలిన మగవాళ్ళు దిశారి తాతా, మంచం దిగలేని ఇంకో ఇద్దరూ. ఎవర్ని పంపను? ఏమని పంపను?

పంపినా మావ రాలేడు. వేటకి పోయినవాడు ఏదో ఒకటి పట్టకుండా దిగకూడదు. ఖాళీ చేతులతో దిగాడా, ఊరి మొదట్లో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉంటారు, మొగుడని లేదు కొడుకని లేదు, నెత్తి మీంచి కుమ్మరిస్తారు. ఇదిగో నా పక్కనే ఉన్నాయి ఆ కుండలు, ఈగలు ముసురుతూ. ఇదంతా నవ్వులాటే, కాకపోతే నవ్వు కింద భయం కూడా ఉంటుంది, వేట సరిగ్గా సాగితేనే విత్తు సరిగ్గా మొలుస్తుందని మా ఊరి నమ్మకం, అమ్మమ్మ వినేలా కాదని అనడానికి నాకు ధైర్యం లేదు. ఇక అడవా, అడవిలో ఏముంది? నిరుడు ఊరంతా కలిసి మూడు రోజులు తిరిగితే దొరికింది ఒక ఉడత. దాన్ని ఇంటింటికీ పంచారు. మా వాటాకి తోకలో వెంట్రుకలు వచ్చాయని అమ్మమ్మ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. అందులోనూ మా మావ విలుకాడు. మావ గురి పెట్టాడంటే జంతువులు నిశ్చింతగా పడుకుంటాయని ఊళ్ళో హాస్యం. పేడనీళ్ళు పడని సంవత్సరం మావకి లేదు. అలాంటివాడి బాణానికి మధ్యాహ్నం లోపల కుందేలు దొరకాలని నేను కూచున్నాను, ఆశకి అంతుండాలి.

అయినా మోరి, అదే మా కొండసన్నాయి, పట్టుకుంటే మావ వేరే మనిషి. బుగ్గల్లో ఊపిరి దాచుకుంటాడు, ముక్కుతో తీసుకుంటూనే నోటితో వదులుతూ ఉంటాడు, ఆ పాట ఎక్కడా తెగదు. కుండలో నీళ్ళు పోసి వెదురు గొట్టం పెట్టి బుడగలు ఆగకుండా ఊదమన్నాడు నన్ను ఒకసారి, నేను నీళ్ళు తాగేసి దగ్గుతుంటే వీపు తట్టి, "ఊపిరి అప్పుడే ఖర్సు సేసేత్తే ఎలాగే గుంటా, కొంత ఉంచుకోవాల" అన్నాడు. థింసా ఆడేవాళ్ళకి తుడుము డప్పు కాళ్ళు కదుపుతుంది గాని, ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు వంగాలో, వరస ఎప్పుడు పాములా చుట్టుకోవాలో మోరే చెబుతుంది. అడుగులు మేం లెక్కపెట్టుకోం, వింటాం. నిరుడు పోటీలో పెన్‌డ్రైవ్ పెట్టించారు. పట్నంలో ఎవరో కీబోర్డు మీద వాయించిన థింసా. మధ్యలో అది ఎక్కడో గెంతింది, సగం మందిమి అటు తిరిగాం, సగం మందిమి ఇటు, నా పక్కన ఆడే వెన్నెల నా కాలు తొక్కింది, జనం చప్పట్లు కొట్టారు, జాలితో. మెరుపు బట్టలు కట్టుకుని వచ్చిన పట్నం కాలేజీ వాళ్ళు మా థింసానే ఆడి మొదటి బహుమతి పట్టుకుపోయారు. ఆ రోజు బస్సులో భానుశ్రీ మేడమ్ ఏడ్చింది, విజయనగరం నుంచి వచ్చిన మనిషికి మా డాన్సు కోసం ఏడవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత ఏడాదంతా ఆఫీసుల చుట్టూ తిరిగింది, వాద్యాలు ఎదురుగా వాయించి తీరాలని రూలు పెట్టించింది. ఆ రూలే ఇప్పుడు మా మెడకి చుట్టుకుంది. మోరి లేకపోతే స్టేజీ ఎక్కనివ్వరు.

నాకేం కావాలో నాకు బాగా తెలుసు. బహుమతి వస్తే మంచిదే, రాకపోయినా ఏడవను. ఇంటర్ అయిపోయింది, వెన్నెల నర్సింగుకి వైజాగ్ పోతుంది, మిగతావాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో దిక్కు, ఈ వరస మళ్ళీ చేతులు కలపదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అంత పెద్ద మైకు ముందు మావ నిలబడి ఊదుతుంటే, గురి లేని మల్లేశుగా ఈ కొండల్లో పేరుపడ్డ మా మావని అంతమంది కళ్ళు విప్పుకుని చూడాలి. అది నేను మావకి ఇవ్వగలిగింది. ఇంకేం ఇవ్వగలను? మా నాన్న పోయాక అమ్మ నన్ను చంకనేసుకుని ఇక్కడికి వస్తే, నాది అని ఒక పలక, నాది అని ఒక గొడుగు కొనిచ్చింది మావే. ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. ఎదురు కొండ మీద ఒక్క ఆకు కదలడం లేదు. ఇప్పపూల వాసన తీపిగా వస్తోంది. దూరంగా తారురోడ్డు మీద మా ఊరి ఆడవాళ్ళు వెదురు కర్ర అడ్డం పెట్టి, వచ్చే కారునల్లా ఆపి పండగ మామూలు అడుగుతూ పాడుతున్న పాట తెగి తెగి వినబడుతోంది. తుడుము లేని పాట. వేట రోజున మగవాళ్ళు కొండ మీద ఉండగా మా ఊళ్ళో తోలు మోగకూడదు.

"ఖాళీగా కూర్చుంటే కాళ్ళు బిగిసిపోతాయమ్మా. ఆయన వచ్చేలోగా ఒక్కసారి వేసేద్దాం. ఫల్గుణా, నువ్వు తుడుము వెచ్చబెట్టుకో."

భానుశ్రీ మేడమ్ గొంతు. నేను రాతి మీంచి లేచాను. ఫల్గుణ మా క్లాసే, ముంచింగిపుట్టు అవతల ఒరిస్సా గట్టు మీద వాళ్ళ ఊరు, వాళ్ళకీ వేట ఉంది గాని తోలు మీద కట్టు లేదు, వాళ్ళు డప్పు కొట్టే జంతువుల్ని తోలతారని ఒకసారి చెప్పాడు. వాడు ఎండుటాకులు పోగేస్తున్నాడు. ఈ ఊరి పిల్లని ఈ బృందంలో నేనొక్కదాన్నే. మేడమ్, వద్దండీ. అంతే, రెండు ముక్కలు. ఎందుకని అడుగుతుంది, వేటపూట మా ఊళ్ళో తుడుము మోగిందంటే ఎవరో పోయారని అర్థం అని చెబుతాను, అయ్యో, వద్దులే, నోటితో తాళం వేసుకుందాం అంటుంది. తప్పకుండా అంటుంది, మంచి మనిషి. ఫల్గుణ అగ్గిపుల్ల గీశాడు. తుడుము మోగితే వేటలో ఉన్నవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ విల్లు దించేసి వచ్చేస్తారు. అందరూ. మావ కూడా. ఈ ఆలోచన నేను పిలవలేదు. దానంతటదే వచ్చి కూచుంది. ఛీ పొమ్మన్నాను, వాకిట్లో కోడి కాస్త దూరం పోయి తిరిగొచ్చినట్టు వచ్చేసింది. మంట లేచింది, ఫల్గుణ తుడుము మొహాన్ని దాని మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు, వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు, తోలు ఇంకా మెత్తగా ఉందని మళ్ళీ తిప్పుతున్నాడు. ఎంత తీరిగ్గా చేస్తున్నాడు వీడు. నేను చెప్పడానికి కావలసినంత సమయం ఇస్తున్నాడు.

మా తాత పోయినప్పుడు ఇలాగే వేటపూట, నాకు లీలగా గుర్తు. తుడుము మోగిన కాసేపటికి కొండ మీంచి మగవాళ్ళు రాలిపోతున్నట్టు దిగొచ్చారు. మావకి అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. ఎవరింట్లోనో తెలియదు కదా, ఒక్కొక్కరూ తమ గడప వైపు చూసుకుంటూ పరిగెత్తుతారు. తమది కాదని తెలిసినవాడు అక్కడే ఆగిపోతాడు, ఆగి ఊపిరి తీసుకుంటాడు, ఆ ఊపిరికి సిగ్గుపడతాడు. మావ ఆగలేదు. మా గడప దాకా వచ్చేశాడు. మేడమ్, వద్దండీ. మనసులో ఎన్నిసార్లంటున్నానో. ఈలోగా అమ్మాయిలు వరస కట్టేశారు, నన్ను లాగి నడుమ నిలబెట్టారు. థింసాలో పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోం, పక్కవాళ్ళ నడుం వెనకనుంచి చెయ్యి పోనిచ్చి అవతలివాళ్ళ చెయ్యి పట్టుకుంటాం, అల్లేసిన దడిలాగా ఉంటుంది, ఒకసారి బిగిస్తే ఎవరి చెయ్యీ వాళ్ళది కాదు. నా రెండు చేతులూ నా వెనక ఎవరెవరి గుప్పిళ్ళలోనో ఉన్నాయి. ఫల్గుణ తుడుము నడుముకి కట్టుకుని పుల్లలు తీశాడు. "మేడమ్" అన్నాను.

"ఏమ్మా జమునా? పూలు జారాయా?"

మొహమంతా చెమటతో, ఆశతో ఉంది ఆవిడ. మావ రావాలి. మావ రావాలి, ఎలాగైనా. "ఏం లేదు మేడమ్" అన్నాను, నా గొంతు నాకే పరాయిదిగా వినబడింది, ఆ మాట పూర్తవకుండానే తుడుము మోగింది.

ఎంత బాగా మోగిందో. అంత వేడెక్కిన తోలు, అంత నిశ్శబ్దం మీద. మొదటి దెబ్బ ఎదురు కొండకి తగిలి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. రోడ్డు మీద పాట ఠక్కున ఆగిపోయింది. నా కాళ్ళు మాత్రం ఆగలేదు, సిగ్గు లేని కాళ్ళు, తుడుము వింటే చాలు వాటికి, ముందుకు రెండు, వెనక్కి ఒకటి, వంగడం, లేవడం, అందెలు ఒక్కసారిగా ఘల్లుమనడం, వెన్నెల నవ్వుతోంది, ఈసారి తొక్కదు, నిరుడికంటే ఎంతో బాగా ఆడుతున్నాం, నాకు ఏడుపొస్తోంది, ఆపండని అరుస్తున్నానో లేదో నాకే తెలియడం లేదు, చేతులు విడిపించుకోబోతే పట్టు జారుతోందనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. దిశారి తాత కర్ర పొడుచుకుంటూ ఇంట్లోంచి బయటికొచ్చి, "ఏ ఇంట్లోనే? ఏ ఇంట్లో?" అని గుడ్డిచూపుతో అన్ని గడపలూ వెతుక్కుంటున్నాడు. అప్పుడు ఆపాడు ఫల్గుణ. ఆ తర్వాత వినబడింది, కొండ మీద పొదలు విరుగుతున్న చప్పుడు, రాళ్ళు దొర్లుతున్న చప్పుడు, మనుషులు పరిగెత్తుతున్న చప్పుడు.

మావ అందరికంటే ముందు దిగాడు. విల్లు లేదు, ఎక్కడో పారేశాడు. ఒక చెంప ముళ్ళు గీరుకుని నెత్తురు కారుతోంది. మమ్మల్ని చూశాడు గాని చూడలేదు, గళ్ళచీరలూ వ్యానూ మేడమూ ఏవీ ఆయన కళ్ళలో పడలేదు, నేరుగా మా గడపకేసి చూసి, అక్కడ అమ్మమ్మ లేకపోవడం చూసి, నిలబడ్డచోటే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అమ్మమ్మ ఇంట్లో ఎందుకుంటుంది, రోడ్డు మీద ఉంది, ఆవిడా తుడుము విని మిగతా ఆడవాళ్ళతో ఆయాసపడుతూ పరిగెత్తుకొస్తోంది, ఎవరు పోయారో అని. బాట మలుపు తిరిగి కొడుకుని చూసింది. కొడుకు తల్లిని చూశాడు.

"అమ్మా" అన్నాడు మావ. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని నాకు తెలియదు.

అమ్మమ్మ ఆయన్ని చూసింది, ఫల్గుణ నడుముకున్న తుడుముని చూసింది, తర్వాత నన్ను చూసింది. మా అమ్మమ్మ సోములమ్మకి ఏదీ రెండుసార్లు చెప్పక్కర్లేదు. ముక్కుకున్న మూడు పోగులూ వణికాయి. మిగతా మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు, ఎవరి చేతిలోనూ ఏమీ లేదు, ఒకాయన మాత్రం అప్పుడే పొంచి ఉన్నాడట, కుందేలు ఎదురుగానే ఉందట, తుడుము విని వదిలేసి వచ్చానని పక్కవాడితో చెబుతున్నాడు. "నాకు తెలీదండీ, ఎవరూ చెప్పలేదండీ" అని మేడమ్ అందరికీ చేతులు జోడిస్తోంది. ఫల్గుణ తెల్లబోయి పుల్లలు వీపు వెనక దాచుకున్నాడు. నేను వరసలోంచి ఊడొచ్చి, "ఆడికి తెలదు అమ్మమ్మా. నాకు తెలుసు. నానే సెప్పలేదు" అన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "ఊరి విత్తు మీద కొట్టినావే గుంటా" అంది, గట్టిగా కూడా అనలేదు. అని, వంగి కుండ ఎత్తి, మోకాళ్ళ మీదున్న కొడుకు నెత్తిన పేడనీళ్ళు కుమ్మరించింది. ఏమీ పట్టకుండా దిగినవాడు దిగినవాడే, కట్టు కట్టే. ఎవరూ నవ్వలేదు. పేడనీళ్ళు పోసినప్పుడు ఎవరూ నవ్వకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. మావ మొహం తుడుచుకోలేదు. కుండ కింద పెట్టబోతున్న అమ్మమ్మ పాదాలు రెండు చేతులతో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

తర్వాత లేచి ఇంట్లోకి వెళ్ళి మోరి పట్టుకొచ్చాడు. "ఎలాగూ సెడిపోనాది. ఎక్కండి బేగి" అన్నాడు, నాతో కాదు, వరహాలరావుగారితో. దిశారి తాత నేల మీద కూచుని ఏదో గొణుక్కుంటున్నాడు, రాత్రికి పంచాయితీ ఉంటుంది, తప్పు ఎంత వేస్తారో, వేసినా విత్తుకి జరిగింది పోతుందో పోదో తెలియదు. ఊరంతా నిలబడి చూస్తుండగా వ్యాను కదిలింది. అద్దంలో అమ్మమ్మ కనబడుతూనే ఉంది. ఇంకా టైముంది, అందుకుంటాం అని మేడమ్ అంటోంది. నాకు కావలసిందే జరిగింది, మావ వ్యానులో ఉన్నాడు, మోరి ఉంది, గంటలో స్టేజీ ముందుంటాం. గోటితో పోయేదానికి గొడ్డలి వాడాను, ఆ గొడ్డలి మావ మీద పడింది. మావ నా ముందు సీట్లో కూచున్నాడు, పేడ వాసన వస్తోంది, జుట్టులోంచి చుక్కలు భుజం మీదికి జారుతున్నాయి. మోరి పెదాలకి పెట్టుకున్నాడు. బుగ్గలు పొంగాయి, గాలి వచ్చింది గాని పాట రాలేదు. మళ్ళీ పెట్టాడు. మోరి పళ్ళకి తగిలింది. ఒళ్ళో పెట్టుకున్నాడు. క్షమించు మావా అందామనుకున్నాను, ఇంతకుముందు రావలసినప్పుడు రాని మాట ఇప్పుడు మాత్రం ఎందుకొస్తుంది. మావ నా వైపు తిరిగాడు. కోపం ఉంటుందనుకుని చూశాను, లేదు.

"కొండ మీంచి దిగినంత దూరం మాయమ్మ కోసం ఏడ్సేసినానే జమునా. పాతెయ్యడం కూడా అయిపోనాది నాకు. ఇప్పుడా ఏడుపుని నానేటి సేసుకోవాల?"

నిజంగా అడుగుతున్నాడు. నేనేదైనా చెబితే చేసేట్టున్నాడు. అరకు చేరేదాకా మావ నా వైపే తిరిగి కూచున్నాడు.